వెనక వార్డుకి చెల్లెమ్మ పేరు

మా దగ్గర ఉన్న మాజీ సైనికుల ఆశ్రమంలో వెనక వార్డుకి పేరు మారుస్తున్నారు. ఇన్నాళ్ళూ దాని పేరు బి బ్లాకు. అది రిజిస్టర్ల వరకే, మాటల్లో మాత్రం అందరికీ అది వెనక వార్డే. లేవలేనివాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు, మతిమరుపు బాగా ముదిరిపోయినవాళ్ళు ఉండేది అందులో. అక్కడ చాలా ఏళ్ళు ఆయాగా చేసి, పోయిన కార్తీక మాసంలో కాలం చేసిన ఒకావిడ పేరు ఆ వార్డుకి పెట్టాలని కమిటీ తీర్మానించింది. ఆవిడ అసలు పేరు ఇక్కడ రాయను. "బోర్డు మీద ఉంటే చాలండి, ఫోన్లలో తిప్పొద్దు" అన్నాడు వాళ్ళబ్బాయి. ఎనభై దాటిన పెద్దాయన దగ్గర్నుంచి గేటు దగ్గర కుర్రాడి దాకా ఆశ్రమంలో అందరూ ఆవిణ్ణి చెల్లెమ్మ అనేవారు కాబట్టి నేనూ అదే రాస్తాను.

పేరు పెట్టడం నాకు ఇష్టమే. మా నాన్న ఆఖరి రోజులు గడిచింది ఆ వార్డులోనే, ఆవిడే లేకపోతే ఆ రోజులు ఎలా ఉండేవో తలుచుకోవాలంటేనే భయం నాకు. కానీ ఈ వ్యవహారంలో ఒక్కటి మాత్రం మింగుడుపడటం లేదు. దాని సంగతికి వస్తాను, ముందు ఆ ఆశ్రమం గురించి కొంచెం చెప్పాలి.

గోదావరి జిల్లాల్లో మిలటరీవాళ్ళేంటని హైదరాబాదులో స్నేహితులు అడుగుతుంటారు. వాళ్ళ లెక్కలో గోదావరి అంటే కొబ్బరిచెట్లు, వెటకారం, కోడిపందేలు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అని ఒక ఊరుంది, బస్సులో ఎవర్నడిగినా మిలటరీ మాధవరమా అనే అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకీ వెళ్ళినవాళ్ళున్నారు ఆ ఊళ్ళో, ఇవాళ్టికీ సైన్యంలో మనిషి లేని ఇల్లు వెతుక్కోవాలంటారు. ఆ 'మిలటరీ' అనే ముక్క ఏ జీవోతోనూ రాలేదు, చుట్టుపక్కల జనం తగిలించారు, అలా ఉండిపోయింది. ఆ ఊరు ఒక్కటే కాదు, డెల్టా పొడుగునా ఊరికి నలుగురైదుగురు మాజీలు కనిపిస్తారు. పొలం పెద్దగా లేని ఇళ్ళల్లో పదో తరగతి పాసైన కుర్రాడికి రిక్రూట్‌మెంట్ ర్యాలీ ఒక దారి, ఇంకో దారి గల్ఫ్.

2022లో అగ్నిపథ్ రాకముందు జవానుగా చేరినవాడు చాలావరకు నలభై లోపే పింఛను కాగితం పట్టుకుని బయటికొచ్చేస్తాడు. ఆ తర్వాత బ్యాంకు దగ్గర గార్డుగానో, ఏటీఎం దగ్గరో, అదృష్టం బాగుంటే ఏ ప్రభుత్వ ఆఫీసులోనో ఇంకో ఇరవై ఏళ్ళు లాగుతాడు. అసలు కథ డెబ్భై దాటాక మొదలవుతుంది. పిల్లలు బెంగళూరులోనో ఖతార్‌లోనో ఉంటారు. భార్య పోతే ఇంట్లో అన్నం వండేవాళ్ళుండరు. ఈసీహెచ్‌ఎస్ అని 2003లో మాజీ సైనికులకి ఆరోగ్య పథకం వచ్చింది, కార్డు పట్టుకెళితే మందులిస్తారు, ఆస్పత్రికి రాసిస్తారు, నిజంగా మంచి పథకమే. సర్వీసులో వచ్చిన వైకల్యం నూటికి నూరు శాతం అని మెడికల్ బోర్డు తేల్చినవాళ్ళకి తోడు మనిషి కోసం వేరే అలవెన్సు కూడా ఉంది. కానీ మామూలు ముసలితనంతో మంచాన పడ్డ నాయక్ ర్యాంకు మాజీకి అర్ధరాత్రి ఒళ్ళు పక్కకి తిప్పే మనిషిని ఏ కార్డు తెచ్చిపెడుతుంది? వెన్నెముక దెబ్బతిన్న సైనికుల కోసం పుణె ఖడ్కీలో 1974లో, మొహాలీలో 1978లో పెద్ద కేంద్రాలు పెట్టారు. మన గణపవరం, అత్తిలి వైపు మనిషిని అక్కడికి తీసుకెళ్ళి ఏం చేస్తాం, అక్కడ ఆయనతో తెలుగులో మాట్లాడేదెవరు? అందుకే ఇక్కడ మాజీలే కొందరు చందాలేసుకుని, కాలవ గట్టు పక్కన ఎవరో ఇచ్చిన స్థలంలో ఈ ఆశ్రమం కట్టుకున్నారు. చుట్టూ ఒకప్పుడు వరి, ఇప్పుడు చేపల చెరువులు. దోమల గురించి చెప్పక్కర్లేదు.

చెల్లెమ్మ భర్త ఈఎంఈలో, అంటే సైన్యంలో బళ్ళు, యంత్రాలు బాగుచేసే విభాగంలో మెకానిక్కు, హవల్దారుగా రిటైరయ్యాడు. జబల్‌పూర్, జలంధర్ ఫ్యామిలీ క్వార్టర్లలో కాపురం చేసి హిందీ ధారాళంగా నేర్చుకుని తిరిగొచ్చింది ఆవిడ. ఆయన పోయాక ఆశ్రమంలో మొదట వంటకే కుదిరింది. వెనక వార్డులో మనిషి చాలక ఒకసారి సాయానికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. జీతం ఎంతో నాకు తెలుసు, రాయను. రాస్తే కమిటీవాళ్ళు తలెత్తుకోలేరు.

ఆవిడ దగ్గర ఒక పొడుగు నోటుబుక్కు ఉండేది, కిరాణా కొట్లో పద్దులు రాసుకునే రకం. రోజుకో పేజీ. ఎడమ వైపు మంచం నంబర్లు, పైన టైములు: 8, 10, 12, 2, 4. గళ్ళలో ఒక్కో అక్షరం, ఎ, కు, వె. అంటే ఎడమ పక్క, కుడి పక్క, వెల్లకిలా. మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి తిప్పకపోతే ఎముక ఆనే చోటల్లా, నడుం కింద, తుంటి మీద, మడమల దగ్గర, చర్మం ముందు ఎర్రబడుతుంది, తర్వాత కమిలిపోతుంది, ఆ తర్వాత పుండు పడుతుంది, అది లోతుకి దిగిందంటే ముసలి ఒంట్లో మానడం మహా కష్టం, దాని నుంచి చీము పట్టి రక్తంలోకి పాకితే ప్రాణానికే ముప్పు. ఇదంతా నాకు ఏ డాక్టరూ కూర్చోబెట్టి చెప్పలేదు, ఆ నోటుబుక్కు చూసి అడిగితే ఆవిడే చెప్పింది. కొన్ని గళ్ళలో అక్షరం పక్కన చిన్న చుక్క కనిపించింది, ఇదేంటమ్మా అన్నాను. "ఎరుపు కనబడిందన్నమాట బాబూ. తెల్లారాక డాక్టరుగారికి చూపించాలి కదా, నిద్రమత్తులో మర్చిపోతానని" అంది. మా నాన్న వరస చూశాను. నెలలకి నెలలు, గళ్ళన్నీ నిండి ఉన్నాయి. సంక్రాంతి భోగి రాత్రి కూడా నిండి ఉన్నాయి.

సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో చేసిన ఒక పెద్దాయన ఉండేవారు, మతిమరుపు. తెల్లవారుజామున లేచి డ్యూటీకి వేళైందని మంచం దిగబోయేవారు, దిగితే పడతారు. పగలు ఆయా "తాతగారూ, మీరు రిటైరై నలభై ఏళ్ళైంది, పడుకోండి" అంటే ఆయనకి కోపం నషాళానికంటేది, చెయ్యి లేచేది. చెల్లెమ్మ మాత్రం దుప్పటి సర్దుతూ "సాబ్, ఆప్‌కా రిలీవర్ ఆ గయా" అనేది, అంటే మీ డ్యూటీ అందుకునేవాడు వచ్చేశాడని. ఆయన ఆగి, ఎవడొచ్చాడు అని అడిగేవారు. ఆవిడ నోటికొచ్చిన పేరు ఒకటి చెప్పేది. అప్పుడాయన తన తువ్వాలు నాలుగు మడతలు పెట్టి, చార్జి అప్పజెప్పినట్టు ఆవిడ చేతికిచ్చి, మళ్ళీ పడుకునేవారు. నేను ఇది కళ్ళారా చూశాను, చూసినప్పుడు నవ్వొచ్చింది, ఆవిడ మాత్రం నవ్వలేదు.

సరే, పేరు సంగతి. మనవైపు పేర్ల పిచ్చి గురించి బయటివాళ్ళకి చెబితే నమ్మరు. బస్టాపులో సిమెంటు బల్ల మీద పేరు, చలివేంద్రం కుండ మీద పేరు, స్మశానంలో రేకుల షెడ్డు మీద కూడా పేరు. ఫ్యాను రెక్కలకి ఒక్కో రెక్క మీద ఒక్కో ముక్క రాయిస్తారు, కీర్తిశేషులు ఒక రెక్క, పేరు ఇంకో రెక్క, జ్ఞాపకార్థం మూడో రెక్క, స్విచ్చేస్తే అందరూ కలిసిపోతారు. మా ఊరి రామాలయంలో ట్యూబులైటు మీద దాత పేరు ఎర్ర పెయింటుతో ఎంత పెద్దగా రాయించారంటే సగం వెలుగు ఆ పేరుకే పోతుంది. కాబట్టి ఆశ్రమంలో వార్డుకి పేరు అనగానే ముందు ఎవరు లేచి ఉంటారో మీరే ఊహించుకోండి. టైల్స్ వేయించిన ఒకాయన వాళ్ళ నాన్నగారి పేరు అడిగారు. ఆయన్ని తప్పుపట్టను, అడగడం ఆయన హక్కు, టైల్స్ కూడా మంచివే.

అసలు చర్చ మాజీల మధ్య జరిగింది. యూనిఫాం వేసుకోని మనిషి పేరు సైనికుల ఆశ్రమానికి ఎలా పెడతారని ఒకాయన. దానికి కోనసీమ నుంచి వచ్చి ఉంటున్న ఇంకో పెద్దాయన, నోటికి హద్దులేని మనిషి, కూర్చున్న చోటు నుంచే "అయితే డొక్కా సీతమ్మగారు ఇంజనీరంటారా? అక్విడక్టుకి ఆవిడ పేరెట్టారు మరి" అన్నాడు. షెడ్డంతా నవ్వులే. కానీ ఆ మాటలో విషయం ఉంది. లంకల గన్నవరంలో వచ్చినవాళ్ళకి వచ్చినట్టు అన్నం పెట్టి 1909లో వెళ్ళిపోయిన ఆవిడ పేరు అక్కడ గోదావరి పాయ వైనతేయ మీద కట్టిన కొత్త అక్విడక్టుకి, అంటే కాలవని నది మీదుగా దాటించే వంతెనకి పెట్టారు, 2024లో రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ పెట్టారు. అక్విడక్టు కంటే భోజన పథకానికి ఆ పేరు అతికినట్టు కుదిరిందని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ పేరు కింద జరిగే పని ఆవిడ చేసిన పనే.

తర్వాత హోదా దగ్గర ఆగింది. శిలాఫలకం మీద ఏం రాయాలో ఒక నమూనా తెచ్చారు. అందులో ముందు భర్తగారి ర్యాంకు, నంబరు, యూనిట్టు, పేరు, ఆ తర్వాత 'గారి ధర్మపత్ని' అని, ఆఖరి లైన్లో ఆవిడ. దాని మీద మళ్ళీ, హవల్దారు అని పెద్ద అక్షరాలతో ఎందుకండీ, మనలో సుబేదార్ మేజర్లున్నారు, ఆనరరీ కెప్టెన్లున్నారు అని ఒక గొణుగుడు. దీనికి నేనే లేచాను. 1987లో సియాచిన్‌లో నాయబ్ సుబేదార్ బాణా సింగ్ పట్టుకున్న పోస్టుని ఇవాళ బాణా టాప్ అనే అంటారు. 2023 జనవరిలో అండమాన్‌లో 21 దీవులకి పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టినప్పుడు మేజర్ సోమనాథ్ శర్మకి ఒక దీవి దక్కితే, లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కాకీ ఒక దీవి దక్కింది, హవల్దార్ అబ్దుల్ హమీద్‌కీ దక్కింది. సముద్రంలో దీవులకి లేని ర్యాంకు పట్టింపు మన వెనక వార్డుకి దేనికండీ అన్నాను. ఇక భర్త పేరు విషయం, ఆయన మంచివాడే, కానీ రాత్రిళ్ళు మేలుకున్నది ఆయన కాదు కదా. ఆవిడ పేరు ఒక్కటే రాయండి అన్నాను. ఆడవాళ్ళు కమిటీలో ఒక్కరే ఉన్నారు, ఆవిడ గట్టిగా తలూపారు. ఇంత చర్చలో ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడగలేదన్నది వేరే విషయం.

మూడోది ఎవరూ పైకి అనలేదు. ఇంటిపేరు. మన దగ్గర ఇంటిపేరు రాస్తే కులం తెలుస్తుంది, రాయకపోతే ఎందుకు దాచారని ఇంకో మాట. పేరు విషయంలో మనవైపు మంట ఎంత తొందరగా అంటుకుంటుందో 2022 మేలో అమలాపురంలో చూశాం, జిల్లా పేరు గొడవలో ఇళ్ళు తగలబెట్టేదాకా వెళ్ళింది. ఆ భయం ఆ రోజు షెడ్డులో అందరి మొహాల్లో కనిపించింది, అందరూ టీ గ్లాసుల వైపు చూస్తూ కూర్చున్నారు. నాకైతే పింఛను పుస్తకంలో ఎలా ఉందో అలా, ఇంటిపేరుతో సహా రాయడమే పద్ధతి. దాచాల్సిన పేరు కాదది. ఆఖరికి వాళ్ళబ్బాయి "అమ్మ సంతకం ఎలా పెట్టేదో అలాగే రాయండి" అన్నాడు, దాంతో తేలిపోయింది. ఇంటిపేరు పొడి అక్షరం, తర్వాత పేరు.

బోర్డు పెట్టినంత మాత్రాన జనం నోట ఆ పేరు వస్తుందని నేననుకోను. రాజమండ్రిని 2015లో రాజమహేంద్రవరం చేశారు, టికెట్టు మీద అదే ఉంటుంది, కండక్టరు మాత్రం రాజమండ్రి రాజమండ్రి అనే అరుస్తాడు. బ్యారేజీకి కాటన్ పేరు పెట్టారు, మనం ధవళేశ్వరం బ్యారేజీ అనే అంటాం. అలాగని కాటన్‌ని మర్చిపోయామా? ఆయనా మిలటరీవాడే, మద్రాసు ఇంజనీర్స్‌లో ఆఫీసరు. 1852లో ఆయన ఆనకట్ట పూర్తయింది, ఇవాళ్టికీ సార్వాకీ దాళ్వాకీ నీళ్ళు ఆ కాలవల్లోనే వస్తున్నాయి, అందుకే ఊరూరా ఆయన విగ్రహం ఉంది, రైతుల ఇళ్ళల్లో దేవుడి పటాల పక్కన ఆయన ఫోటో ఉంది. నీళ్ళు ఆగిపోయుంటే ఆ విగ్రహాల మొహం చూసేవాడు ఉండేవాడా?

ఇప్పుడు నా గొడవకి వస్తాను. చెల్లెమ్మ పోయాక ఆ వార్డులో రాత్రి డ్యూటీకి మనిషిని పెట్టలేదు. పగలు ఒక ఆయా ఉంటుంది, సాయంత్రం ఏడింటికి వెళ్ళిపోతుంది. రాత్రి గేటు దగ్గర కుర్రాడు పదింటికి ఒకసారి, మెలకువ వస్తే తెల్లవారుజామున నాలుగింటికి ఇంకోసారి వచ్చి చూసి పోతాడు. వాడికి ఎవరూ నేర్పలేదు, ఒంటి చేత్తో పెద్ద మనిషిని తిప్పాలంటే వాడికి భయం. ఈ మధ్య వెళ్ళినప్పుడు ఇద్దరికి నడుం కింద పుండ్లు పడ్డాయని విన్నాను. మరోపక్క చీమకుర్తి నల్ల గ్రానైటు ఫలకానికి, షామియానాకి, దండలకి, శాలువాలకి, ముఖ్య అతిథికి మెమెంటోకి, రెండొందల మందికి భోజనాలకి చందా పుస్తకం తిరుగుతోంది. ఆవిడ నోటుబుక్కుని అద్దాల ఫ్రేములో పెట్టి వార్డు గోడకి తగిలిస్తారట. రేపు బోర్డు మీద ఆవిడ పేరు ఉంటుంది, దాని కింద మంచంలో మనిషి రాత్రంతా ఒకే పక్కన పడి ఉంటాడు. ఇది ఆవిడకి గౌరవం ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు, అదే మీటింగులో అడిగాను, గొంతు కొంచెం పెరిగింది కూడా.

కోశాధికారిగారు నాకు ఇచ్చిన సమాధానం మాత్రం నిజాయితీగా ఉంది. "బోర్డంటే ఇస్తారు బాబూ, జీతమంటే ఎవరిస్తారు? టైల్స్ కనబడతాయి, ఫ్యాను కనబడుతుంది, ఆయా జీతం ఎవడిక్కనబడుద్ది?" ఆయన లెక్కల పుస్తకం తెరిచి చూపించారు కూడా. వస్తువులకి వచ్చిన విరాళాల పేజీలు నిండిపోయాయి, జీతాల ఖాతాలో వచ్చేది మాజీల నెలవారీ చందాలే. ఆయన్నేమీ అనలేకపోయాను.

అరుణాచల్‌లో జస్వంత్‌గఢ్ అని ఒక చోటుంది. 1962 చైనా యుద్ధంలో చనిపోయిన రైఫిల్‌మన్ జస్వంత్ సింగ్ రావత్ పేరు మీద. అక్కడ ఇప్పటికీ ఆయన కోసం పక్క పరుస్తారు, టీ పెడతారు. మా నాన్న అటువైపు పోస్టింగులో ఉన్నప్పుడు చూశానని చెప్పేవాడు. నమ్మకాల సంగతి పక్కన పెట్టండి. పేరుతో పాటు రోజూ చేయాల్సిన పని ఒకటి అక్కడ పెట్టారు, దాన్ని ఎవరో ఒకరు తప్పకుండా చేస్తున్నారు. చెల్లెమ్మ పేరుకీ అలాంటి పని తగిలించాలన్నదే నేను అడిగేది. ఆ పని ఏమిటో ఆవిడే గళ్ళు గీసి రాసి పెట్టి పోయింది.

డబ్బుకి ఒక దారి చెప్పాను. ద్వారకా తిరుమలలో, అన్నవరంలో నిత్యాన్నదానానికి మనవాళ్ళు కట్టడం లేదా? కట్టిన అసలు బ్యాంకులో ఉంటుంది, వడ్డీతో ఏడాదికోసారి మనం కోరిన తేదీన, అమ్మ తద్దినం రోజునో పెళ్ళిరోజునో, మన పేరు మీద భోజనం పెడతారు. అదే పద్ధతిలో రాత్రి డ్యూటీ పెట్టండి. ఏడాదికి ఒక రాత్రి మీది. ఆ రాత్రి ఆయా జీతం మీ వడ్డీలోంచి. కావాలంటే ఆ సాయంత్రం వార్డు గుమ్మం దగ్గర పలక మీద సుద్దముక్కతో మీ పేరు రాస్తారు, తెల్లారితే చెరిపి మర్నాటివాళ్ళ పేరు రాస్తారు. పేరు పిచ్చి తీరుతుంది, ముసలాయన పక్కకీ తిరుగుతాడు. ఇది చెప్పగానే టైల్స్ వేయించినాయన లేచి వాళ్ళ నాన్నగారు పోయిన తేదీ తనకి రాసుకోమన్నారు. అప్పటిదాకా ఆయన మీద ఉన్న చిరాకు నాకు అక్కడితో పోయింది. కోనసీమ పెద్దాయన తన పుట్టినరోజు రాయించుకుని, "అప్పటికి నేనుంటే నన్నే తిప్పుద్ది, డబ్బులు వసూలే" అన్నాడు.

ప్రస్తుతం పరిస్థితి ఇదీ. గ్రానైటు ఆగింది, రేకు మీద పెయింటు బోర్డు చాలన్నారు. నోటుబుక్కు ఫ్రేములోకి వెళ్ళదు, అదే గళ్ళతో కొత్త పుస్తకం కుట్టిస్తున్నారు. రాత్రి పనికి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి అడిగి వెళ్ళారు, ఒకావిడ ఇంతకుముందు భీమవరంలో ఆస్పత్రిలో చేసిందట, పని తెలుసు, అందుకే చెల్లెమ్మకి ఇచ్చిన జీతానికి రానంటోంది. న్యాయమే. పేరు పెట్టే రోజు సాయుధ దళాల పతాక దినమని డిసెంబరు 7 అనుకుంటున్నారు, ముఖ్య అతిథికి ఆ రోజు కుదరకపోతే మారుతుందట. జీతం తేలాకే బోర్డు ఎక్కించాలని నేను, ముందు బోర్డు ఎక్కిస్తే ఆ ఊపులో డబ్బులొస్తాయని కోశాధికారిగారు. దసరా తర్వాత మళ్ళీ మీటింగు.